పాసంగం

పూర్ణా మార్కెట్ వెనక సందులో
ముప్పై ఒక్క ఏళ్లుగా కాటాలు బాగుచేస్తున్నాను.
ముల్లు ఎటు ఒరిగితే అటు తల ఒంచీ ఒంచీ
మెడకో వంపు వచ్చిందని నూకరత్నం అంటుంది.

ఎడమ కన్ను మసకేసింది.
ఫోన్లో పేజీ చదవడమంటే
తలుపు సందులోంచి పెళ్లి చూడ్డం.
పెళ్లికొడుకు చెవి కనిపిస్తుంది, తాళి కనిపించదు.
పోనీ పుస్తకం పట్టుకుని పడుకుంటే
కునుకు పట్టగానే గుండెల మీద పడి లేపుతుంది.
అందుకే ద్వారకానగర్ వెళ్లాను,
పెద్ద తెర, తక్కువ బరువు అన్నారని.

"పట్టుకు చూడండి, ఈకలాగుంటాది"
అన్నాడు జోగేష్ అనే కుర్రాడు.
ఈకని నేనెప్పుడూ తూచలేదు.
చేపల రేవులో ఆడవాళ్లు
వంజరాన్ని తోక పట్టి లేపి బరువు చెప్పేస్తారు,
వాళ్ల దగ్గర నేర్చుకున్న చెయ్యి నాది.
అరచేతిలో కాదు, వేళ్ల చివర పట్టుకున్నాను.
"అయిదొందల పదికి తగ్గదు" అన్నాను.
"నాలుగొందల తొంభై అయిదండీ, పెట్టి మీదుంది."
పెట్టె మీద రాసింది పెట్టె మాట.

గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో పెట్టాను.
అక్షరాలు పోయి నా మొహం వచ్చింది,
వెనకాల సింహాచలం బస్సు.
నీడలోకి తెస్తే మళ్లీ అక్షరాలు,
వేలితో సాగదీయక్కర్లేకుండా
పేజీ మొత్తం, పీటల మీద పెళ్లి మొత్తం.
స్టూలు మీద వెనక్కి వాలి
పడుకున్నట్టే పైకెత్తి పట్టుకున్నాను.
ఏడో నిమిషానికి బొటనవేలు అడిగింది
ఎంతసేపని.
మంచినీళ్లు తేమంటారా అన్నాడు జోగేష్.
ఈ ఊరి ఉప్పుగాలికి
ఇనుప రాళ్లే పొలుసులు రాలుస్తాయి,
దీనికి కవరుండాలి కదా అన్నాను.
కవరేసి ఇచ్చాడు. ఈక కాస్తా కోడైంది.

ధర చెప్పాడు.
నలభై అయిదు వేలకి ఒక్క రూపాయి తక్కువ.
ఆ ఒక్క రూపాయీ చూడగానే నవ్వొచ్చింది,
తేలిపోయే తట్టకి ఇంత మైనం ముద్ద అంటించినట్టు
ఎవరో మా వృత్తివాడే కట్టిన పాసంగం.
కాటాకి నూట యాభై నాకు.
మూడొందల కాటాల తుప్పు గోకాలి.

మూల బల్ల మీద పార్సిళ్లు తూచే కాటా ఉంది.
"కవరు తీసి దాని మీద పెట్టు బాబూ."
పెట్టాడు. అయిదొందల పన్నెండు.
"మీరే గెలిచారు సార్!"
చుట్టూ నలుగురు చూశారు.
ముప్పై ఒక్క ఏళ్లలో
నా చేతిని ఎవరూ అలా చూడలేదు.

తీసేశాడు.
ఖాళీ పళ్లెం మీద అంకె సున్నాకి రాలేదు.
పదిహేడు దగ్గర ఆగింది.

ఎవరూ చూడలేదు. నేను చూశాను.
పళ్లెం ఎత్తితే కింద
ప్యాకింగు టేపు ఉండ, దుమ్ముతో కలిసి గట్టిపడింది.
గోటితో గీకి, సున్నా చేసి, మళ్లీ పెట్టమన్నాను.
నాలుగొందల తొంభై అయిదు.
పెట్టె నిజమే చెప్పింది.

కాటా అబద్ధానికి టేపు ఉండ కారణం.
మరి నా చేతికి?
ఆ పదిహేడు గ్రాములూ
ధర కాగితం మీంచి పాకి వచ్చాయో,
ఇంత వయసొచ్చి నాకోసమే ఒకటి కొనుక్కోడమేమిటన్న
సిగ్గు బరువో.

"బాగుచేసినందుకు ఎంతివ్వమంటారు?" అన్నాడు.
ఏటీ వద్దన్నాను. రేపొస్తానన్నాను.
రేపొస్తామన్నవాళ్ల కాటాలు
నా కొట్లో పద్నాలుగున్నాయి.

రాత్రి వెల్లకిలా పడుకుని
ఉత్త చేతులు పైకెత్తి పట్టుకున్నాను.
"ఏటది, చీకట్లో?" అంది నూకరత్నం.
"తూస్తన్నాను."
"ఎంతుంది?"
"ముల్లు ఇంకా ఆగలేదు."
"ఆగినప్పుడు కొను గానీ
చేతులు దించు,
ఫ్యాను గాలి నాకు రానియ్యవేం."